హెన్రీ మాడ్స్‌లే

హెన్రీ మాడ్స్‌లే (ఆగష్టు 22, 1771 - ఫిబ్రవరి 14, 1831) ఇంగ్లాండు దేశానికి చెందిన యంత్రనిర్మాత. యంత్రాలను తయారుచేసే యంత్రాలకు, అనగా మెషిన్ టూల్స్‌కు, నేటి రూపాన్ని ఇచ్చినవారిలో ఈయన ముఖ్యుడు. లోహాన్ని కోసే పనిముట్టును మనిషి చేతిలోనుండి తీసి యంత్రానికే గట్టిగా బిగించి, దానిని కొలత ప్రకారం నడిపించడం ఈయన జీవితమంతా చేసిన కృషి. నేడు కర్మాగారాలలో రోబోల నడుమ సర్వో మోటార్లతో తిరిగే స్పిండిళ్ళు, వాటికి పనిముట్లను బిగించే హోల్డర్లు ఆ కృషికి దూరపు వారసులు. పాఠ్యపుస్తకాలలో జేమ్స్ వాట్ పేరు చదివినంతగా ఈయన పేరు మన విద్యార్థులు చదవరు. అయితే ఆవిరియంత్రపు భాగాలను నమ్మదగిన కొలతలతో, వేల సంఖ్యలో తయారు చేయగలిగిన కాలం ఈయనతోనే మొదలయింది.

బాల్యము

మాడ్స్‌లే లండను సమీపంలోని వూలిచ్‌లో జన్మించాడు. తండ్రి పేరు కూడా హెన్రీయే. ఆయన సైన్యపు ఇంజనీర్ల దళంలో బండి చక్రాలు చేసే వడ్రంగి. యుద్ధంలో గాయపడి, వూలిచ్‌లోని రాజ ఆయుధాగారంలో స్టోర్ కీపరుగా చేరాడు. ఏడుగురు సంతానంలో హెన్రీ ఐదవవాడు. 1780లో తండ్రి మరణించాడు. కుటుంబ పోషణకై పిల్లలు పనిలోకి దిగవలసి వచ్చింది. హెన్రీ పన్నెండవ ఏట ఆయుధాగారంలో తూటాలలో మందు నింపే కుర్రవాడుగా చేరాడు. రెండేళ్ళ తరువాత వడ్రంగి పనికి, అక్కడినుండి తన కోరికపై కొలిమికి మారాడు. బడిచదువు పెద్దగా లేదు. కాని పదునెనిమిదేళ్ళు వచ్చేసరికి, ఆకురాయి పట్టి ఇనుమును నున్నగా, చదునుగా రాయడంలో వూలిచ్‌లో అతని పేరు చెప్పుకునే స్థితి వచ్చింది.

బ్రామా కర్మాగారములో

ఆ రోజులలో జోసెఫ్ బ్రామా అనే యంత్రశిల్పి లండనులో ఒక కొత్తరకం తాళాన్ని తయారుచేస్తున్నాడు. దాని భాగాలు ఎంతో సూక్ష్మంగా ఉండవలసి రావడంతో, చేతిపనిపై తయారీ గిట్టుబాటు కాలేదు. మంచి పనివాడికై వెదకుతుండగా మాడ్స్‌లే పేరు వినవచ్చింది. 1789లో అతనిని పిలిపించాడు.

ఈ సందర్భంలో ఒక కథ ప్రచారంలో ఉన్నది. ఏడేళ్ళ శిక్షణ పూర్తిచేయని కుర్రవాడిని అనుభవజ్ఞుల మధ్య ఎలా కూర్చోబెట్టాలని బ్రామా సందేహించాడట. మాడ్స్‌లే అక్కడ ఒక మూల పడియున్న అరిగిపోయిన బల్లపట్టును (వైస్‌ను) చూపి, సాయంత్రం గంట కొట్టేలోగా దానిని బాగుచేస్తే తనకు పని ఇస్తారా అని అడిగాడట. ఊడిన ఉక్కు దవడను అతికించి, పళ్ళు మళ్ళీ కోసి, ఉక్కుకు పదును పెట్టి, గంటకు ముందే అప్పగించాడని చెబుతారు. కథలో నిజమెంతయినా, వస్తువును కదలకుండా పట్టే సాధనంతో ఈయన వృత్తిజీవితం మొదలయినట్లు చెప్పుకోవడం ఉచితంగానే ఉన్నది.

బ్రామా తాళాల భాగాలు కోయడానికి మాడ్స్‌లే ప్రత్యేక యంత్రాలు నిర్మించాడు. 1790లో బ్రామా తన దుకాణపు కిటికీలో ఒక తాళంకప్పను వ్రేలాడదీసి, తాళపుచెవి లేకుండా తెరిచినవారికి 200 గినీలు ఇస్తానని ప్రకటించాడు. 1851 వరకు ఎవరూ తెరవలేకపోయారు. ఆ ఏడాది అమెరికాకు చెందిన ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ 16 రోజులపాటు, మొత్తం 50 గంటలకు పైగా శ్రమించి దానిని తెరిచాడు. ఆ తాళం లండను సైన్సు మ్యూజియంలో భద్రపరచబడినది. బ్రామా 1795లో పేటెంటు పొందిన నీటి ఒత్తిడి యంత్రంలో (హైడ్రాలిక్ ప్రెస్‌లో) నీరు కారిపోకుండా, ఒత్తిడి పెరిగినకొద్దీ తనంతట తానే బిగిసే తోలు కప్పు కూడా మాడ్స్‌లే ఆలోచనయే అని అతని శిష్యులు నమ్మారు. పేటెంటు మాత్రం యజమానిది.

1791లో బ్రామా ఇంటి పనిమనిషి సారా టిండెల్‌ను మాడ్స్‌లే వివాహమాడాడు. వీరికి నలుగురు కుమారులు. కర్మాగారానికి పెద్దగా వ్యవహరిస్తున్న ఇతనికి అప్పటికి వారానికి 30 షిల్లింగుల జీతం. సంసారం పెరగడంతో 1797లో జీతం పెంచమని అడిగాడు. బ్రామా నిరాకరించాడు. ఎనిమిదేళ్ళుగా చేస్తున్న కొలువును వదలి మాడ్స్‌లే బయటికి వచ్చాడు. లండనులో ఆక్స్‌ఫర్డు వీధికి దగ్గరగా, వెల్స్ వీధిలో, ఒక చిన్న పాత కొట్టును అద్దెకు తీసుకున్నాడు. పెట్టుబడి అతని చేతులే.

మర కోసే లేత్

లేత్ మన దేశానికి కొత్తది కాదు. తెలుగులో దానిని తరిమెన అంటారు. విశాఖపట్నం ప్రాంతపు ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవారు అంకుడు కర్రను తరిమెనకు పట్టించి, తిరుగుతున్న కర్రకు ఉలిని చేతితో ఆనించి కోస్తారు. మెత్తని కర్రకు ఆ చేయి చాలును. బొమ్మకు బొమ్మకు వెంట్రుకవాసి తేడా వస్తే అందం తగ్గదు కూడా. ఇనుము సంగతి వేరు. గట్టి లోహానికి ఉలిని ఆనించి గంటల తరబడి ఒకే లోతున, ఒకే వేగంతో పక్కకు జరుపుతూ పోవడం ఏ మనిషి చేతికీ సాధ్యం కాదు. మాడ్స్‌లే కాలపు ఇంగ్లాండులో కూడా చాలా కర్మాగారాలలో లేత్ పని ఈ విధంగానే, చేతిలో పట్టిన పనిముట్టుతోనే, జరిగేది.

మాడ్స్‌లే నిర్మించిన లేత్‌లో పనిముట్టును స్లైడ్ రెస్ట్ అనే జారుడు పీఠానికి బిగిస్తారు. పీఠం నిఖార్సయిన తిన్నని పట్టాలపై జరుగుతుంది. దానిని జరిపేది లీడ్ స్క్రూ అనే పొడవాటి మర. ఈ మరను వస్తువు తిరిగే ఇరుసుకు, అనగా స్పిండిల్‌కు, పళ్ళచక్రాలతో కలిపాడు. ఇప్పుడు స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే పనిముట్టు లెక్క ప్రకారం ఇంత దూరమే జరుగుతుంది. ఉదాహరణకు లీడ్ స్క్రూకు అంగుళానికి 4 చుట్లు ఉన్నాయనుకుందాము. అంగుళానికి 8 చుట్లు గల బోల్టు కావలసివస్తే, స్పిండిల్ ఒక చుట్టు తిరిగినప్పుడు లీడ్ స్క్రూ అరచుట్టు తిరిగేటట్లు పళ్ళచక్రాలను అమర్చాలి. 16 కావాలంటే పావుచుట్టు. మొదటి యంత్రంలో చుట్ల సంఖ్య మారినప్పుడల్లా లీడ్ స్క్రూనే మార్చవలసి వచ్చేది. 1800 ప్రాంతపు యంత్రంలో చక్రాలను మారిస్తే సరిపోయే ఏర్పాటు చేశాడు. ఈ యంత్రం కూడా లండను సైన్సు మ్యూజియంలో ఉన్నది.

స్లైడ్ రెస్ట్‌ను కనుగొన్నది మాడ్స్‌లేయే అని అనేక పుస్తకాలలో వ్రాసియుంటారు. ఇది సరికాదు. రష్యాలో ఆంద్రే నార్తోవ్, ఫ్రాన్సులో జాక్ ద వోకాన్సన్ అంతకు ముందే పనిముట్టును పీఠానికి బిగించిన లేత్‌లు చేశారు. మర కోసే చిన్న లేత్‌ను ఇంగ్లాండులోనే జెస్సీ రామ్స్‌డెన్ 1770లలో నిర్మించాడు. అమెరికాలో డేవిడ్ విల్కిన్‌సన్ 1798లో పేటెంటు పొందాడు. స్లైడ్ రెస్ట్, లీడ్ స్క్రూ, మార్చదగిన పళ్ళచక్రాలు, ఈ మూడింటినీ పూర్తిగా లోహంతో చేసిన, వణుకు లేని ఒకే యంత్రంలో కూర్చి, దానిని రోజువారీ కర్మాగారపు పనిలోకి తేవడం మాడ్స్‌లే ఘనత. నిజానికి కష్టమైన పని అదే. మంచి మర కోయాలంటే ముందుగా ఒక మంచి మర ఉండాలి. మొట్టమొదటిది ఎక్కడినుండి వస్తుంది? తిరిగే కడ్డీకి లెక్క ప్రకారం వాలుగా ఒక కత్తిని ఆనించి గీత పడేటట్లు చేసి, ఆ గీతవెంట మర కోసి, అందులోని తప్పులను ఓపికగా సరిదిద్దుకుంటూ మాడ్స్‌లే దానిని సాధించాడు.

దీనికి ముందు ప్రతి బోల్టుకూ దాని నట్టు వేరుగా ఉండేది. విప్పిన యంత్రాన్ని మళ్ళీ బిగించేటప్పుడు జతలు తారుమారైతే ఒకటీ పట్టేది కాదు. అందుకని జతజతకూ గుర్తులు పెట్టుకునేవారు. మాడ్స్‌లే తన కర్మాగారం వరకు బోల్టుల పరిమాణాన్నిబట్టి చుట్ల సంఖ్యను నిర్ణయించి, ఏ నట్టయినా ఆ పరిమాణపు ఏ బోల్టుకయినా పట్టేటట్లు చేశాడు.

కొలత

కర్మాగారంలో పనివారి బల్లలవద్ద నిఖార్సుగా చదును చేసిన లోహపు పలకలు ఉంచేవాడు. పనివాడు తాను రాసిన ముక్కను ఆ పలకపై పెట్టి, ఎక్కడ ఎత్తు ఎక్కడ పల్లమో చూసుకోవాలి. అదిగాక 1805 ప్రాంతంలో తనకోసం ఒక మైక్రోమీటరు చేసుకున్నాడు. రెండు దవడల మధ్య వస్తువును పెట్టి మరను త్రిప్పితే అంగుళంలో పదివేలవ వంతు వరకు తేడా తెలిసేది. పనివారి మధ్య కొలత గురించి తగవు వస్తే దీనితోనే తీర్పు. అందుచేత ఆ దేశపు అత్యున్నత న్యాయాధికారి పేరు మీదుగా దానిని లార్డ్ ఛాన్సలర్ అని పిలిచేవారు. ఇది కూడా సైన్సు మ్యూజియంలో చూడవచ్చును.

పోర్ట్స్‌మత్ కప్పీల కర్మాగారము

మాడ్స్‌లే పేరును నిలబెట్టిన పని పోర్ట్స్‌మత్ నౌకాశ్రయంలో జరిగింది. తెరచాపల ఓడలో తాళ్ళను లాగడానికి కప్పీలు కావాలి. పెద్ద యుద్ధనౌక ఒక్కదానికి దాదాపు వేయి కప్పీలు పట్టేవి. ఫ్రాన్సుతో యుద్ధకాలంలో బ్రిటిషు నౌకాదళానికి ఏటా ఇంచుమించు లక్ష కప్పీలు అవసరమయ్యేవి. వీటిని సరఫరా చేసే గుత్త సౌతాంప్టన్‌కు చెందిన టేలర్ కుటుంబానిది.

ఫ్రాన్సు విప్లవం నుండి తప్పించుకుని వచ్చిన మార్క్ ఇసంబార్డ్ బ్రునెల్ కప్పీలను యంత్రాలతో చేసే పద్ధతిని ఆలోచించి 1801లో పేటెంటు పొందాడు. టేలర్లు అతని ప్రతిపాదనను కాదన్నారు. నౌకాదళపు పనులకు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న శామ్యూల్ బెంథామ్ అంగీకరించాడు. కాగితంపై ఉన్న యంత్రాన్ని ఇనుములోకి తేగలవాడు కావాలి. మార్గరెట్ వీధికి మారియున్న మాడ్స్‌లే ముందుగా వాటి నమూనాలను, పిమ్మట అసలు యంత్రాలను చేశాడు. 1802 నుండి 1808 వరకు సాగిన ఈ పనిలో మొత్తం 45 యంత్రాలు నిర్మించబడినవి.

ఒక్కొక్క యంత్రానికి ఒక్కటే పని. మొదటి రంపాలు ఎల్మ్ దుంగను దిమ్మెలుగా కోస్తాయి. తరువాతి యంత్రం రంధ్రం వేస్తుంది. ఇంకొకటి ఆ రంధ్రాన్ని ఉలితో పొడుచుకుంటూ పోయి గిలక కూర్చునే పొడవాటి గాడిగా చేస్తుంది. వేరొకటి మూలలు కోస్తుంది. అన్నిటికంటె చూడదగినది కప్పీలకు గుండ్రని ఆకృతి ఇచ్చే యంత్రం. పది దిమ్మెలను ఒక పెద్ద చక్రం అంచున బిగిస్తారు. చక్రం తిరుగుతుండగా కత్తి అడ్డంగా కదులుతూ పదింటినీ ఒకేసారి చెక్కుతుంది. ఒక వైపు ముగిసిన తరువాత దిమ్మెలను ప్రక్కకు త్రిప్పుకుంటూ మిగిలిన వైపులను చెక్కుతారు. మొదటి యంత్రంలో దిమ్మెపై పడిన గుర్తులే తరువాతి యంత్రాలలో దానిని సరిగా కూర్చోబెట్టి పట్టుకోవడానికి ఆధారం. అందుచేత మధ్యలో ఎక్కడా మళ్ళీ కొలవనవసరం లేదు. గిలకలు లిగ్నమ్ వైటీ అనే మిక్కిలి గట్టి కర్రతో వేరుగా చేసేవారు. అన్నిటినీ నడిపే శక్తి ఆవిరియంత్రానిది.

1808లో ఇక్కడ సుమారు 1,30,000 కప్పీలు తయారయినవి. ఇదివరలో 110 మంది నేర్పరులు చేసే పనిని ఇప్పుడు నేర్పు లేని 10 మంది చేయగలిగారు. ఈ లెక్కను అన్ని గ్రంథాలూ విజయంగానే చెబుతాయి, విజయమే కూడా. అయితే ఏళ్ళ తరబడి శిక్షణ పొంది చేతిలో నిలుపుకున్న నేర్పుకు ఒక్కసారిగా విలువ పోవడం కూడా ఆ లెక్కలోనే ఉన్నదని గమనించాలి. టేలర్ల గుత్త తిరిగి ఇవ్వబడలేదు. కొత్త పద్ధతి వలన ఒక సంవత్సరంలో మిగిలిన సొమ్ము, సుమారు 17 వేల పౌండ్లు, బ్రునెల్‌కు బహుమానంగా లభించింది. యంత్రాలలో కొన్ని ఇరవయ్యవ శతాబ్దం మధ్య దాటేవరకు పనిచేశాయి. లోహంతో చేసిన యంత్రాలు వరుసగా నిలిచి, పనిని ఒకదానినుండి మరొకటి అందుకుంటూ భారీ సంఖ్యలో ఒకే వస్తువును ఉత్పత్తి చేయడానికి ఇది తొలి ఉదాహరణగా చరిత్రకారులు పరిగణిస్తారు.

లాంబెత్ కర్మాగారము, ఆవిరి ఓడలు

1810లో కర్మాగారం థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న లాంబెత్‌కు మారింది. పోర్ట్స్‌మత్‌లో పనిచేసి వచ్చిన జాషువా ఫీల్డ్ భాగస్వామి అయ్యాడు. సంస్థ తరువాత మాడ్స్‌లే, సన్స్ అండ్ ఫీల్డ్ అన్న పేరుతో ప్రసిద్ధి పొందింది. 1807లో పేటెంటు పొందిన టేబుల్ ఇంజను చిన్న కర్మాగారాలలో బాగా వాడబడింది. 1815 నుండి ఓడల ఆవిరియంత్రాలు ముఖ్య వ్యాపారమయ్యాయి. బ్రునెల్ థేమ్స్ నది క్రింద సొరంగం త్రవ్వడానికి వాడిన ఇనుప కవచం కూడా 1825లో ఇక్కడ తయారయినదే.

మన దేశానికి మాడ్స్‌లే యంత్రాలు ఈ దశలోనే వచ్చాయి. కలకత్తాలోని కిదర్‌పూర్‌లో 1823లో నిర్మించిన డయానా అనే ఆవిరి నావలోని యంత్రాలు ఈ సంస్థవి. 1824లో మొదలయిన మొదటి బర్మా యుద్ధంలో దీనిని వాడారు. ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ 1825 ఆగష్టులో ఇంగ్లాండులోని ఫాల్మత్ నుండి బయలుదేరి, ఆఫ్రికాను చుట్టి, డిసెంబరులో కలకత్తా చేరింది. ఇంగ్లాండునుండి భారతదేశానికి ఆవిరి సహాయంతో వచ్చిన తొలి ఓడ ఇదే. దీని యంత్రాలు కూడా లాంబెత్‌లో తయారయినవే. డెబ్బై రోజులలో చేరగలదని ఆశించగా 113 రోజులు పట్టింది. బొగ్గు చాలక చాలా దూరం తెరచాపలతోనే నడిచింది.

శిష్యులు

ఆ కాలపు ఇంగ్లాండులో పేరుపొందిన యంత్రనిర్మాతలలో చాలామంది ఏదో ఒక సమయంలో మాడ్స్‌లే వద్ద పనిచేసినవారే. రిచర్డ్ రాబర్ట్స్ లోహాన్ని చదును చేసే ప్లేనింగ్ యంత్రాన్ని, తనంతట తాను నడిచే నూలు వడికే యంత్రాన్ని నిర్మించాడు. జోసెఫ్ క్లెమెంట్ తరువాత చార్లెస్ బాబేజ్ గణనయంత్రానికి భాగాలు కోశాడు. 1825లో చేరిన జోసెఫ్ విట్‌వర్త్ 1841లో దేశమంతటికీ ఒకే మర కొలతలు ప్రతిపాదించాడు. గురువు తన నాలుగు గోడల మధ్య చేసిన పనినే ఇతడు దేశవ్యాప్తం చేశాడన్నమాట.

ఆవిరి సమ్మెటను రూపొందించిన జేమ్స్ నాస్మిత్ 1829లో మాడ్స్‌లేకు స్వంత సహాయకుడుగా చేరాడు. మాడ్స్‌లే గురించి మనకు తెలిసిన విషయాలలో అధికభాగం నాస్మిత్ జ్ఞాపకాలనుండి వచ్చినదే. ఆరడుగులకు మించిన ఎత్తు, గంభీరమైన రూపం, అయితే పనివారితో సరదాగా మాట్లాడే స్వభావం అని తెలుస్తున్నది. మాడ్స్‌లే తానుగా గ్రంథమేదీ వ్రాయలేదు. అందుచేత ఆయన గురించి చెప్పబడే కథలలో శిష్యుని భక్తి కొంత కలిసియుంటుందని చదువరులు గుర్తుంచుకోవాలి.

మరణము

చివరి సంవత్సరాలలో మాడ్స్‌లేకు ఖగోళశాస్త్రంపై ఆసక్తి కలిగింది. పెద్ద దూరదర్శినిని నిర్మించుకొని లండను వెలుపల నార్‌వుడ్‌లో ఒక పరిశీలనశాలను ఏర్పాటు చేసుకోవాలనుకున్నాడు. అది జరుగలేదు. 1831 జనవరిలో ఫ్రాన్సులోని ఒక మిత్రుని చూసి తిరిగివస్తూ, సముద్రం దాటుతుండగా జలుబు చేసి మంచాన పడ్డాడు. నాలుగు వారాల తరువాత, ఫిబ్రవరి 14న మరణించాడు. పుట్టిన ఊరు వూలిచ్‌లోనే సమాధి చేయబడినాడు. సమాధిపై ఉంచిన పోత ఇనుప స్మారకం ఆయన స్వయంగా రూపొందించుకున్నది, తన కర్మాగారంలో పోత పోయబడినది.

తరువాతి కాలపు యంత్రాలలో

మాడ్స్‌లే లేత్‌లో స్పిండిల్‌ను, పనిముట్టును జతపరచినవి పళ్ళచక్రాలు. కంప్యూటరుతో నడిచే నేటి యంత్రాలలో ఆ పని ఎన్‌కోడర్, సర్వో మోటారు చేస్తాయి. స్పిండిల్ ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ క్షణక్షణం తెలియజేస్తుంది. దానినిబట్టి సర్వో మోటారు బాల్ స్క్రూ అనే మరను త్రిప్పి పనిముట్టును జరుపుతుంది. పొరపాటు వస్తే వెంటనే దిద్దుకుంటుంది. చక్రాలు మార్చనవసరం లేదు, అంకె మారిస్తే చాలును. లెక్క మాత్రం 1800 నాటిదే.

వస్తువు కదలకుండా ఉండి పనిముట్టే తిరిగే యంత్రాలలో పనిముట్టు పట్టు మరింత కీలకం. స్పిండిల్ మూతివద్ద లోపలికి సన్నబడుతూ పోయే శంఖువు ఆకారపు గుంట ఉంటుంది. పనిముట్టును బిగించిన హోల్డరుకు అదే ఆకారపు తోక ఉంటుంది. లోపలి కడ్డీ ఒకటి గట్టి స్ప్రింగుల బలంతో దానిని వెనుకకు లాగి పట్టుకుంటుంది. గాలి లేక నూనె ఒత్తిడితో ఆ స్ప్రింగులను నొక్కితే పట్టు సడలి హోల్డరు బయటికి వస్తుంది. మనిషి చేయి తగలకుండా పనిముట్లు మారేది ఈ ఏర్పాటు వలననే. రోబో కూడా ఒక యంత్రంలోనుండి ముక్కను తీసి మరొకదానిలో పెట్టగలగాలంటే, ప్రతిసారీ ముక్క ఒకే చోట, ఒకే విధంగా పట్టుబడాలి. పోర్ట్స్‌మత్‌లో దిమ్మెపై వేసిన గుర్తులు చేసిన పని అదే. అక్కడ దిమ్మెను ఒక యంత్రంనుండి మరొకదానికి మోసుకుపోయినది మాత్రం ఆ పదిమంది మనుషులు.

సంస్థ, వంశము

మాడ్స్‌లే కుమారులలో థామస్ హెన్రీ, జోసెఫ్ వ్యాపారాన్ని కొనసాగించారు. అట్లాంటిక్ సముద్రాన్ని దాటడానికై నిర్మించిన గ్రేట్ వెస్టర్న్ ఓడకు 1838లో యంత్రాలను ఈ సంస్థయే సమకూర్చింది. ఆ ఓడను రూపొందించినది మార్క్ బ్రునెల్ కుమారుడు ఇసంబార్డ్ కింగ్‌డమ్ బ్రునెల్. తండ్రుల నాటి పరిచయం ఆ విధంగా రెండవ తరంలోనూ సాగింది. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేసరికి సంస్థ మూతపడింది.

మాడ్స్‌లే మునిమనుమడు రెజినాల్డ్ మాడ్స్‌లే 1903లో కోవెంట్రీ నగరంలో స్టాండర్డ్ మోటారు కంపెనీని స్థాపించాడు. మద్రాసులో ఆ పేరుతోనే ఏర్పడిన సంస్థ తయారుచేసిన స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు 1960, 70లలో తెలుగునాట రోడ్లపై తరచుగా కనిపించేవి.